ర్యాచెట్ ఆగినంత మాత్రాన బోల్టు బిగిసినట్టు కాదు

పని మానేసి ఇంటి పట్టున ఉంటున్నప్పటి నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది చంకలో ఏదో ఒక అట్టపెట్టె ఉంటోంది. "యాకన్న, గిది మంచిదేనా? జర సూసి చెప్పు" అంటారు. ముందు అడిగి తర్వాత కొన్నవాడు ఒక్కడూ లేడు. లగ్గం అయ్యాక జాతకాలు చూపించినట్టు ఉంటుంది ఈ వ్యవహారం. ఈమధ్య ఆ పెట్టెల్లో ఎక్కువగా కనిపిస్తున్నది ఎయిర్ ర్యాచెట్. సొంత కారో, ఆటోనో, స్కూల్ వ్యానో ఉన్నవాళ్లు చిన్న రిపేర్లు ఇంటి ముందే చేసుకుంటున్నారు. చేసుకోవద్దని నేను అనను. కానీ ఆ పనిముట్టు గురించి ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నది సగమే. మిగతా సగం రాద్దామని కూర్చున్నాను. మెకానిక్ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు కూడా ఇది పనికొస్తుంది.

నేను జనగామలో ఒక లారీ షెడ్డులో పని నేర్చుకున్నాను. తర్వాత ఉద్యోగమంతా భూపాలపల్లిలో, బొగ్గు టిప్పర్లు నడిపే ఒక ప్రైవేటు కంపెనీ షెడ్డులో గడిచింది. ఇప్పుడు మహబూబాబాద్‌లో, అంటే మా నోటికి వచ్చే మానుకోటలో ఉంటున్నాను. ఎప్పుడు హెడ్ మెకానిక్‌ని చేశారు, ఎవరు శాలువా కప్పారు అనేవి ఇక్కడ రాయను. వాటితో మీ బండి బాగుపడదు.

చేసేది ఒకటే పని

చేతి ర్యాచెట్ తెలుసు కదా. బోల్టు తలకు పట్టే సాకెట్ తగిలించి పిడిని ముందుకూ వెనక్కూ ఊపుతుంటే బోల్టు ఒకే వైపు తిరుగుతుంది. ఇంజన్ సందుల్లో పిడి ఊపడానికి చోటుండదు. వేలెడు జాగాలో ఊపుతూ పొడవాటి బోల్టు బయటికి తీయాలంటే నడుము పడిపోతుంది. ఆ అవస్థ తప్పించడానికే ఎయిర్ ర్యాచెట్ పుట్టింది. కంప్రెసర్ గాలికి లోపల చిన్న మోటారు తిరుగుతుంది. మీట నొక్కితే తల తనంతట తానే బోల్టును తిప్పుకుంటూ పోతుంది. వాటర్ పంపు, ఆల్టర్నేటర్, ఆయిల్ చాంబర్ లాంటి చోట్ల దాని విలువ తెలుస్తుంది.

దాని పని తిప్పడం, అంతవరకే. పట్టేసిన బోల్టును విడదీయడం దాని పని కాదు, చివరి బిగింపు అసలే కాదు. మొదటి పట్టు చేతి పానాతో విడదీయాలి. మధ్యలో పరుగంతా దానికి వదిలేయాలి. ఆఖరి పట్టు మళ్లీ చేతి పానాతోనే పట్టాలి, ఎంత బిగువు పడిందో చూపే టార్క్ రెంచ్ ఉంటే ఇంకా మంచిది. చక్రాల నట్ల దగ్గరికి దాన్ని తీసుకుపోకండి. వాటికి గన్ను వేరే ఉంది, అది కొట్టి కొట్టి తిప్పుతుంది. రెండూ గాలితోనే నడుస్తాయి కాబట్టి రెండూ ఒకటే అనుకునేవాళ్లను చాలామందిని చూశాను.

పట్టేసిన బోల్టు సంగతి జనగామలో ఖాసీం ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నాను. ఆ షెడ్డు ఆయనదే. అప్పట్లో మాకు గాలి పనిముట్లు లేవు. తుప్పు పట్టిన బోల్టుకు డీజిల్ పోసి, "జర ఆగు, దాన్ని తాగనియ్యి, నువ్వు పోయి చాయ్ తాగు" అనేవాడు. చాయ్ అయ్యాక పానా వేస్తే సగం బోల్టులు మాట వినేవి. ఇప్పటివాళ్లు ఆ చాయ్ మానేసి, ర్యాచెట్ పిడినే పట్టుకుని వెయిట్ లిఫ్టింగ్ చేస్తారు. లోపలి పళ్లు విరిగిపోయాక కంపెనీని తిడతారు. నాకు తెలిసి పాడైన ర్యాచెట్లలో ఎక్కువ పోయినవి ఇలాగే.

బోల్టు ఎక్కించేటప్పుడు మొదటి రెండు మూడు చుట్లు వేళ్లతోనే తిప్పండి. అడ్డంగా ఎక్కుతున్న బోల్టును వేళ్లు పసిగడతాయి, గాలికి ఆ తెలివి లేదు. అల్యూమినియం హెడ్డులో థ్రెడ్డంతా కోసేసుకుంటూ పోతుంది. ఇంకో మాట. బోల్టు చివరికి చేరగానే తల ఆగుతుంది, పిడి మాత్రం వెనక్కి తన్నుతుంది. అటు వైపు ఛాసిస్ ఉంటే మధ్యలో వేళ్లు నలుగుతాయి. భూపాలపల్లిలో నాతో పనిచేసిన ఫిట్టర్ కొమురయ్యకు వేళ్లు అలాగే నలిగితే, కొన్నాళ్లు చెంచాతో అన్నం తిన్నాడు. నొప్పి కంటే, ఆ చెంచాను చూసి మేం చేసిన ఎగతాళికే ఎక్కువ ఏడ్చాడు పాపం.

కొనేటప్పుడు

పెద్దదైతే బలం ఎక్కువని అర అంగుళం సాకెట్లు పట్టేది కొంటారు. దాని తల ఇరుకులో దూరదు. దూరని పనిముట్టుకు ఎంత బలముంటే ఏం లాభం? ఇంటి పనికి త్రీ బై ఎయిట్ సైజు చాలు. షాపులో రంగు, పెట్టె చూడకండి. తల ఎంత పలచగా ఉందో చూడండి. మీట వదలగానే వెంటనే పైకి లేస్తోందా, తిరిగే దిక్కు మార్చే మీట నూనె చేతులతో కూడా తిరుగుతుందా చూడండి. గాలికి మోటారును తిప్పే లోపలి రేకులు విడిగా దొరుకుతాయా అని అడగండి. దొరకవంటే ఆ షాపు మెట్లు దిగి వచ్చేయండి.

అసలు చిక్కు కంప్రెసర్ దగ్గర ఉంటుంది. టైర్లకు గాలి కొట్టే చిన్న కంప్రెసర్ మీద ప్రెషర్ చూపే ముల్లు బాగానే లేస్తుంది. కానీ ర్యాచెట్‌కు ప్రెషర్ ఒక్కటే చాలదు, గాలి ధార తెగకుండా రావాలి. చిన్న ట్యాంకు అయితే రెండు మూడు బోల్టులకే ఖాళీ అవుతుంది. మళ్లీ నిండేదాకా ఆగే ఓపిక ఎవరికీ ఉండదు. పైపు కూడా లావుది ఉండాలి. టేకుమట్ల నుంచి ఒక ట్రాక్టర్ ఆసామి వచ్చి, రెండుసార్లు మార్పించుకున్నా ర్యాచెట్‌లో బలం లేదని మొత్తుకున్నాడు. చూస్తే ర్యాచెట్ నిక్షేపంగా ఉంది, పైపు మాత్రం పెయింట్ కొట్టే మిషన్‌ది, సన్నటిది. "గింత సన్న పైపులకెళ్లి గాలి వస్తే అదేం జేస్తదయ్యా" అన్నాను. లావు పైపు వేసుకున్నాడు. ఆ తర్వాత మళ్లీ కనిపించలేదు, కాబట్టి పని చేస్తోందనే అనుకుంటున్నాను. మనవాళ్లు చెడితే వస్తారు గానీ బాగైతే చెప్పరు.

ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి, వానాకాలంలో మరీ ఎక్కువ. పని అయ్యాక ఆ నీళ్లు వదిలేయండి. వాడే ముందు గాలి లోపలికి పోయే రంధ్రంలో ఎయిర్ టూల్ ఆయిల్ కొన్ని చుక్కలు వేయండి. ఇంట్లో ఉన్న కొబ్బరి నూనె వేయకండి, చలికాలం అది లోపలే గడ్డకడుతుంది. మెడలో కండువా తీసి పక్కన పెట్టండి, కళ్లకు అద్దాలు, చెవులకు దూది పెట్టుకోండి. ఆ దూది వల్లే నాకు ఇప్పటికీ చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది.

బ్యాటరీతో నడిచే ర్యాచెట్లు కూడా వస్తున్నాయి. ఇంట్లో కంప్రెసర్ లేనివాళ్లకు అవే నయం. గాలిది కొనమని నేను ఎవరినీ బలవంతపెట్టను. ఏది కొన్నా ఆఖరి పట్టు చేతిదే.

మొగిలి మేస్త్రీ పద్ధతి

భూపాలపల్లి షెడ్డులో మా మీద మొగిలి మేస్త్రీ ఉండేవాడు. నోరు మంచిది కాదు. పొద్దున తిట్టినవాడికే మధ్యాహ్నం తన టిఫిన్‌లోంచి పచ్చడి వేసేవాడు. కానీ పచ్చడి తిన్నంత మాత్రాన తిట్టు మరిచిపోలేం కదా. ఇద్దరు ముగ్గురు మంచి పనివాళ్లు తట్టుకోలేక వెళ్లిపోయారు. ఆ విషయంలో ఆయన్ని నేను ఇప్పటికీ సమర్థించను.

పనిలో మాత్రం ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. గాలితో బోల్టు తిప్పినవాడు దాని మీద సుద్ద గీత పెట్టకూడదు. ఇంకొకడు వచ్చి చేతి పానాతో ఆఖరి పట్టు పట్టి గీత పెట్టాలి. గీత లేని బోల్టు ఒక్కటి కనిపించినా టిప్పర్ గేటు దాటేది కాదు. బయట లోడు కోసం డ్రైవర్ హారన్ కొడుతున్నా సరే, యజమాని ఫోన్ చేస్తున్నా సరే.

ఒకరోజు కొమురయ్యకు రోషం వచ్చింది. "నేనే బిగించిన గదా మేస్త్రీ, నా మీద నమ్మకం లేదా?" అన్నాడు.

"నీ మీద ఉన్నది. ఆ గాలి మీద లేదు" అన్నాడు మొగిలి మేస్త్రీ. "అది ఆగిందంటే, బోల్టు బిగిసి ఆగిందో, దానికి శాతగాక ఆగిందో నీకెట్ల ఎర్క?"

ఆ ప్రశ్న మీరు కూడా ఒకసారి వేసుకోండి.

దసరా నాడు షెడ్డులో ఆయుధ పూజ చేసేవాళ్లం. పనిముట్లన్నీ కడిగి బెంచీ మీద పరిచి, పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు చల్లేవాళ్లం. ఆ రోజు ఎవరూ పానా ముట్టుకోకూడదు. మొగిలి మేస్త్రీకి ఆ పూజ అంటే ప్రాణం, ఒక్కపొద్దు ఉండేవాడు. అయినా పూజకు ముందు గాలి పనిముట్ల రంధ్రాలకు రబ్బరు మూతలు తన చేత్తో పెట్టేవాడు. ఒక ఏడు ఎవరో, దేవుడి ముందు మూసి పెట్టడం ఏమిటని ఆ మూతలు తీసేశారు. మర్నాడు ర్యాచెట్ తిరగడానికి మూలిగింది. మేస్త్రీ దాన్ని విప్పి అందరినీ పిలిచి చూపించాడు. కుంకుమ, కొబ్బరి నీళ్లు, నూనె కలిసి లోపలి రేకులకు ఎర్రటి ముద్దలా అంటుకుని ఉన్నాయి.

"బొట్టు పైన పెట్టుండ్రిరా, దాని కడుపుల పెట్టకుండ్రి" అన్నాడు.

అందరం నవ్వాం, ఆయన కూడా నవ్వాడు. ఆ మూలుగు మాత్రం నా చెవిలో ఉండిపోయింది.

గోడ అవతలి మోత

మానుకోటలో మా ఇంటి గోడ అవతల లచ్చిరాం ఉంటాడు. తండా నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. సొంత వ్యాను ఉంది. కురవి రోడ్డు వైపు తండాల్లోని పిల్లలను పొద్దున బడికి తెచ్చి సాయంత్రం దింపుతాడు. తన రిపేర్లు తనే చేసుకుంటాడు, పనితనం మంచిదే. ర్యాచెట్ కొన్నప్పుడు నాకు చూపించడానికి ఎంతో సంబరంగా వచ్చాడు. కంప్రెసర్ చిన్నదని, బ్రేకుల దగ్గర చేతి పానా తప్పదని, ఇంకా ఏవేవో చెప్పుకుంటూ పోయాను. మధ్యలోనే అతని ముఖం ముడుచుకుంది.

"నేనేం కొన్నా నీకు వంకనే కనవడ్తది గదనే" అని పెట్టె మూసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎదురుపడితే తల ఊపడం తప్ప మాటల్లేవు. నాకూ పంతం వచ్చింది. అడగనివాడికి చెప్పడం ఎందుకని ఊరుకున్నాను.

దసరా సెలవులు వచ్చాయి. బడి వ్యానుల వాళ్లంతా రిపేర్లు పెట్టుకునేది అప్పుడే. పండుగ నాడు లచ్చిరాం వ్యానుకు గుమ్మడికాయ కొట్టి, పనిముట్లన్నీ వాకిట్లో పీట మీద పెట్టి పూజ చేశాడు. గోడ మీదుగా చూస్తే ర్యాచెట్ నిలువెల్లా పసుపుగా కనిపించింది. వాళ్ల వాకిట్లో పూజ జరుగుతుంటే నేను సలహాలివ్వడం బాగుండదని లోపలికి వచ్చేశాను.

బడి తెరిచే రోజు పొద్దున నేను వరండాలో టీ తాగుతున్నాను. వ్యానుకు ముందు చక్రాల బ్రేకు డిస్కులు మారుస్తున్నాడని వాళ్లావిడ మా ఆవిడతో అప్పటికే చెప్పింది. అవతల ర్యాచెట్ మొదలైంది. మోత కాదు, మూలుగు. కాసేపు మూలిగి ఆగింది. మళ్లీ మూలిగి ఆగింది. ఆ తర్వాత చేతి పానా చప్పుడు రావాలి, ఇనుము కిర్రుమనాలి, మనిషి ఊపిరి బిగబట్టాలి. నేను టీ గ్లాసు పట్టుకుని ఆ చప్పుడు కోసమే చూస్తున్నాను. అది రాలేదు. చక్రం ఎక్కించిన చప్పుడు, జాకీ దించిన చప్పుడు వచ్చాయి, ఇంజన్ స్టార్టయింది.

టీ గ్లాసు అక్కడే పెట్టి లేచాను. ఆ బోల్టులు పట్టుకుని ఉండేది కాలిపర్‌ను. బ్రేకు తొక్కినప్పుడు డిస్కును రెండు వైపుల నుంచి నొక్కి బండిని ఆపేది అదే. ఆ బోల్టులు ఊడితే కాలిపర్ చక్రంలో ఇరుక్కోవచ్చు, బ్రేకే లేకుండా పోవచ్చు. నేను గేటు దగ్గరికి వెళ్లేసరికి వ్యాను మలుపు తిరిగింది. ఫోన్ చేశాను. మోగింది గానీ ఎత్తలేదు. బండి నడుపుతూ ఎత్తలేదో, నా పేరు చూసి ఎత్తలేదో తెలియదు. పొడవు పిడి పానా, సాకెట్లు సంచిలో వేసుకుని స్కూటీ తీశాను. "చాయ్ సుత తాగకుంట ఏడికి?" అని మా ఆవిడ అడుగుతుంటే జవాబు చెప్పడానికి కూడా ఆగలేదు. అంత భయం నాకు టిప్పర్ల కింద పనిచేసినప్పుడు కూడా వేయలేదు.

కురవి రోడ్డు మీద

మొదటి తండా దగ్గర వ్యాను ఆగి ఉంది. కొందరు పిల్లలు ఎక్కి కూర్చున్నారు, ఇంకొందరిని తల్లులు తీసుకొస్తున్నారు. నేను స్కూటీని వ్యాను ముందు అడ్డంగా ఆపాను.

"ఏందన్న గిది? టైమైతాంది" అన్నాడు లచ్చిరాం.

"బండి బందు జెయ్యి. పిల్లలను దించు."

"ఎందుకు?"

"కాలిపర్ బోల్టులకు చేతి పానా వెట్టినవా?"

"ర్యాచెట్ ఆగేదాక తిప్పిన గదా. ఆగినంక ఇంకేం వెట్టాలె?"

"ఒక్కపారి దించు లచ్చిరాం. అవి బిగిసి ఉంటే అందరి ముంగట నీ కాళ్లు మొక్కుత."

తల్లులు చూస్తున్నారు. రోజూ తమ పిల్లలను అతని చేతిలో పెట్టి పంపే మనుషులు వాళ్లు. వాళ్ల ముందు నేను అతన్ని నిలదీస్తున్నాను. అది ఎంత అవమానమో నాకు తెలుసు, నా మీద నాకే చిరాకు వేసింది. అయినా స్కూటీ తీయలేదు. లచ్చిరాం తమ భాషలో పిల్లలకు ఏదో చెప్పాడు. వాళ్లు ఒకరి వెనక ఒకరు దిగారు.

స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పితే చక్రం వెనక నుంచి ఆ బోల్టులు అందుతాయి. పానా అతని చేతికే ఇచ్చాను. పై బోల్టుకు సాకెట్ పెట్టి నెట్టాడు. బరువు లేకుండా తిరిగింది. ఇంకా నెట్టాడు, ఇంకా తిరిగింది. అతను నా వైపు చూడకుండా తిప్పుతూనే ఉన్నాడు. ఎంతో సేపటికి పట్టు దొరికి పానా కిర్రుమంది. కింది బోల్టు కూడా అంతే. రెండో చక్రం కూడా అంతే.

లేచి, మోచేత్తో చెమట తుడుచుకున్నాడు. "పూజ అయిన కాన్నుంచి జర మెత్తగనే తిరుగుతాందన్న. గాలి తక్కువుందేమో అనుకున్న" అన్నాడు.

మూతల సంగతి, లోపలి కుంకుమ ముద్ద సంగతి అతనికి అప్పుడు చెప్పాను. ఈసారి ముఖం ముడుచుకోలేదు, చివరిదాకా విన్నాడు. ఇక పిల్లలను ఎక్కించుకుని బయలుదేరమన్నాను. అతను కదల్లేదు. పానా పట్టుకుని కురవి వైపు రోడ్డును చూస్తున్నాడు.

"అన్న" అన్నాడు, "నిన్న వీరన్న ఇంటికి వోయి ఆయన బండికి గూడ డిస్కులు నేనే మార్చిన. గా ర్యాచెట్‌తోనే."

వీరన్నది కూడా బడి వ్యానే. కురవి అవతలి ఊళ్ల పిల్లలను ఇదే రోడ్డు మీదుగా తెస్తాడు. ఆ వేళకు అతని బండి నిండిపోయి ఉంటుంది. లచ్చిరాం ఫోన్ తీశాడు. తొందరలో ఒకసారి వేరే పేరు నొక్కాడు. రెండోసారి మోగింది. మోగుతున్నంతసేపూ ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. వీరన్న ఎత్తాడు.

"ఏడున్నవ్? బండి పక్కకు ఆపు. బ్రేకు గట్టిగ తొక్కకు, గేర్లు తగ్గించుకుంట మెల్లగ ఆపు. ఎందుకో తర్వాత చెప్త, నువ్వు ముందుగాల ఆపు" అన్నాడు లచ్చిరాం.

పిల్లలను తల్లుల దగ్గరే ఉంచి, వ్యానుకు తాళం వేసి, అతను నా స్కూటీ వెనక ఎక్కాడు. దారంతా నా భుజాన్ని నొప్పి పుట్టేలా బిగించి పట్టుకున్నాడు.

వీరన్న వ్యాను కురవికి ఇవతల ఒక పత్తి చేను పక్కన ఆగి ఉంది. వీరన్న కిటికీలోంచి తల బయటికి పెట్టి, "ఏమైందే? పొద్దటి సంది ముందల టకటక అంటాంది. రోడ్డు మంచిగ లేదు గదా అనుకున్న" అన్నాడు. వెనక సీట్లలో పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ మమ్మల్ని చూస్తున్నారు. ప్రేయర్‌కు లేటైతే సారు బయట నిలబెడతాడని ఒక పిల్ల గొణుగుతోంది.

స్టీరింగ్ తిప్పించాను. లచ్చిరాం మోకాళ్ల మీద కూర్చుని చక్రం వెనక చేయి పెట్టాడు. కింది బోల్టు పానా అక్కర్లేకుండా వేళ్లకే తిరిగింది. పై బోల్టు కోసం తడిమాడు. మళ్లీ తడిమాడు. పానా కింద పెట్టి, తల వంచి లోపలికి చూశాడు.

"బోల్టు లేదన్న" అన్నాడు.

అక్కడే మట్టిలో కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నేను వ్యాను తలుపు తీసి, పిల్లలను ఒక్కొక్కరినే చెయ్యి పట్టుకుని కిందికి దించాను.